తండ్రి వైపు నెత్తురు

గుస్నాల్ది కొట్టిన దెబ్బకు హెంద్రిజాల్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. తల గచ్చుకు తగిలిన చప్పుడు వరండా దాకా వినిపించింది. ఇన్‌స్పెక్టర్ ఎల్విదా తలుపు నెట్టుకుని లోపలికొచ్చేసరికి గుస్నాల్ది చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ రెండో వాయికి సిద్ధమవుతున్నాడు.

ఎల్విదా వెళ్ళి ఆ లేచిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది. కోతో లింతా ఠాణా ఆమెది. గుస్నాల్ది పై ఆఫీసు నుంచి ఈ ఒక్క కేసు కోసం దిగబడ్డ ఇన్‌స్పెక్టర్. ఇద్దరూ ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు. ఆమె ఇంకా ఈ ఊళ్ళోనే ఉంది, అతను పై ఆఫీసుకు ఎక్కాడు. ఆ తేడా గుస్నాల్ది ఏ పూటా మరిచిపోడు, మరిచిపోనివ్వడు.

"చెయ్యి వదులు, ఉనీ," అన్నాడు. ఈ దేశంలో ఉని అంటే అక్క. గుస్నాల్ది నోట మాత్రం అది తిట్టులాగే వస్తుంది.

"నువ్వు కొడుతున్నది నిన్న ఊరంతా కలిసి కొట్టినవాణ్ణి. వాడి ఊపిరి చూశావా?"

"వాడి పెళ్ళాం ఊపిరి వాడు చూశాడా?"

కేసు చూడబోతే చిన్నదే. నిన్న పొద్దుగూకే వేళ హెంద్రిజాల్ భార్య రెస్మాలియా పుట్టింట్లో చచ్చి పడి ఉంది. ఎనిమిదో నెల. మొహం వాచిపోయి, నాలుక తెగి, జబ్బలు నల్లగా కమిలిపోయి ఉందట. అల్లుడే కొట్టి చంపాడని తల్లి నూర్బయితి గొల్లుమంది. రెస్మాలియా అన్న సోఫ్యాన్‌కు బజారులో మాంసం కొట్టు. ఆ మాట చెవిన పడగానే కొట్టు వదిలేసి, రబ్బరు బూట్లు కూడా విప్పకుండా, పదిమందిని వెంటేసుకుని వెళ్ళాడు. కాఫీ కొట్టులో డామినో ఆడుతున్న బావను జుట్టు పట్టి వీధిలోకి ఈడ్చి డొక్కల్లో తన్నాడు. పోలీసులు వచ్చి లాక్కోకపోతే అక్కడే అయిపోయేది.

పై ఆఫీసు ఇంత హడావిడి చేయడానికి కారణం వేరే ఉంది. హెంద్రిజాల్‌కు ఇది రెండో పెళ్ళి. మొదటి భార్య నాలుగేళ్ళ కిందట వేరే ఊళ్ళో పోయింది. ఆవిడా కడుపుతోనే ఉంది. ఆవిడ నాలుకా తెగే ఉంది.

"ఒక్క పెళ్ళాం పోతే తలరాత అనుకుందాం," అన్నాడు గుస్నాల్ది. "ఇద్దరికీ ఒకే రకం చావు వస్తే అది మొగుడి చేతి గుణం. వీడు సంతకం పెడతాడు, నేను సాయంత్రానికి ఇంటికెళతాను."

ఎల్విదా కింద పడ్డవాణ్ణి లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టింది. ముందు పళ్ళు లేవు. కుడివైపు ఛాతీ కదలడం లేదు, ఎడమవైపు మాత్రమే ఎగసి పడుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. దగ్గితే గులాబీ రంగు నురగ వచ్చింది. వెంటనే ఆస్పత్రికి పంపాలంది. సంతకం అయ్యాకే అన్నాడు గుస్నాల్ది, తన చొక్కా జేబులోని పై ఆఫీసు ఉత్తర్వు మీద చేత్తో తట్టి చూపిస్తూ. ఎల్విదా తన పై అధికారికి ఫోను చేసింది. ఆయన నసిగి, మధ్యాహ్నం నమాజుకు శవం మట్టిలోకి పోతుంది, ఈలోగా అల్లుడు అమాయకుడని చూపించగలిగితే చూపించు, అప్పటిదాకా వాడు గుస్నాల్ది మనిషే అని ఫోను పెట్టేశాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

హెంద్రిజాల్ ముందు చతికిలబడి, నిన్న ఏం జరిగిందని మెల్లగా అడిగింది. అతను ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు. పొద్దున రెస్మాలియా తల పగిలిపోతోందని, కళ్ళ ముందు మెరుపులు కనపడుతున్నాయని అంది. ఆస్పత్రికి తీసుకెళదామని అతను అత్తగారిని బతిమాలాడు. ఆవిడ పొమ్మంది. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కాఫీ కొట్టుకు వెళ్ళాడు. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

"నువ్వే ఎత్తుకుని తీసుకెళ్ళొచ్చుగా?"

"ఆ ఇంట్లో నేనెవర్ని ఉనీ? రాత్రి వచ్చి పడుకుని తెల్లారి పోయే చుట్టాన్ని." ఈ దేశంలో ఇల్లూ వంశమూ ఆడవాళ్ళవే, మొగుడు వచ్చి చేరినవాడు. అతను దగ్గాడు. "మా చెల్లి యుల్ఫితా ఒక్కతే ఉంది. దాని మొగుడు బాతామ్‌లో పనిలో ఉన్నాడు. దానికి ఏడో నెల. అదీ తలనొప్పి అంటోంది. ఒక్కసారి చూసిరండి."

చూస్తానంది ఎల్విదా, చావు ముందున్న అన్నకు ఉండే బెంగే అనుకుని. కానిస్టేబుల్ రిజాల్దిని పిలిచి, వీణ్ణి పడుకోబెట్టకు, కూర్చోబెట్టే ఉంచు, ఊపిరి ఆగేలా ఉంటే ఎవరి ఉత్తర్వూ చూడకుండా అంబులెన్సు పిలు అని చెప్పి బయటికి నడిచింది. గుస్నాల్ది కూడా జీపెక్కాడు. తల్లి వాంగ్మూలం ఇంకోసారి తీసుకుంటాడట.

నూర్బయితి ఇంటి ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. శవానికి స్నానం మొదలైంది. చనిపోయిన ఆడదాన్ని ఆడవాళ్ళే కడగాలి, మగవాడు ఆ తెర దాటకూడదు. నిన్నటి నుంచి గుస్నాల్ది గాయాల గురించి అంత గట్టిగా మాట్లాడుతున్నాడే గానీ, ఒక్క గాయం కూడా తన కళ్ళతో చూడలేదు. చూసింది తల్లి, చెప్పింది తల్లి. చిన్న ఆస్పత్రి డాక్టరు కూడా మగవాడే కావడంతో మొహం మాత్రం చూసి, దెబ్బలు అని రాసి చేతులు దులుపుకున్నాడు.

ఎల్విదా బూట్లు విప్పి, చేతులు పైకి మడుచుకుని తెర లోపలికి వెళ్ళి చెంబు అందుకుంది. ఎవరూ వద్దనలేదు. తెర ఇవతల నిలబడిన గుస్నాల్ది మొహం గంటు పెట్టుకున్నాడు.

ముందు మెడ చూసింది. నొక్కిన గుర్తు లేదు. తల వెంట్రుకలు పాయలు తీసి చూసింది. చితికిన చోటు లేదు. నాలుక ముందు భాగంలో కాదు, పక్కన తెగింది, దవడ పళ్ళ మధ్య పడి. రెండు జబ్బల మీదా కమిలిన మచ్చలున్నాయి. అవి గుద్దులవి కావు, వేళ్ళవి. ఎవరో ఎదురుగా కూర్చుని రెండు జబ్బలూ గట్టిగా అదిమి పట్టుకున్నారు. ఆ వేళ్ళ గుర్తుల మీద ఎల్విదా తన వేళ్ళు ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయాయి. హెంద్రిజాల్ తాపీ పని చేసేవాడు. అతని బొటనవేలు ఒక్కటే ఆమె రెండు వేళ్ళంత ఉంటుంది.

కాళ్ళకు నీళ్ళు పోస్తూ ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. వేలు దిగబడి గుంట పడింది. ఆ గుంట పూడలేదు. ఉంగరం వేలు మీద పాత గీతలు రెండు కనిపించాయి. ఉంగరం రాక పటకారుతో కత్తిరించినట్టున్నారు. పక్కనున్న ముసలావిడను అడిగితే, పిల్ల ఒళ్ళు నీరు పట్టింది, ఉంగరం మొన్న రంజాను నెలలోనే కోయించాం అంది.

చర్మం మాత్రం మరీ తెల్లగా, కుండ కింద మొలిచిన గడ్డిలా పాలిపోయి ఉంది. చెవుల వెనక బియ్యప్పిండి పూత ఇంకా అంటుకునే ఉంది. కడుపుతో ఉంటే మొహం నల్లబడుతోందని తల్లి నాలుగో నెల నుంచి కిటికీలు మూయించి, ఎండ పొడ సోకనివ్వలేదట. గడప దాటితే నిండా గుడ్డలు, మొహం నిండా పిండి. ముసలావిడ అది గొప్పగానే చెప్పింది.

శవం కాళ్ళ దగ్గర నూర్బయితి కర్పూరం నీళ్ళు కలుపుతోంది. కుడిచేతి చూపుడు వేలికి గుడ్డ చుట్టి ఉంది. అందరి చేతులూ తడుస్తున్నాయి, ఆమె మాత్రం ఆ వేలు తడవకుండా పైకెత్తి పట్టుకుంది.

ఎల్విదా ఆమెను భుజం పట్టి వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. వేలికేమైందని అడిగింది. మిరపకాయలు తరుగుతుంటే తెగిందంది నూర్బయితి. ఎల్విదా చెయ్యి పట్టుకుని గుడ్డ లాగేసింది. వేలి పైన ఒక వరస, కింద ఒక వరస, ఎముక దాకా దిగిన పళ్ళ గాట్లు. నూర్బయితి కేక పెట్టబోయి నోరు నొక్కుకుంది.

"మిరపకాయకు పళ్ళుంటాయా, అమక్?" అంది ఎల్విదా. ఇక్కడ పెద్దావిడను అమ్మా అని పిలిచే మాట అది.

ఆమె పొయ్యి గట్టు మీద కూలబడింది. తర్వాత వచ్చిన మాటలన్నీ ఏడుపులోనే వచ్చాయి. కూతురు పొయ్యి ముందు కూర్చుని ఉన్నట్టుండి బిగుసుకుపోయింది, కళ్ళు తేలేసింది, నేల మీద కొట్టుకుంది. తల్లి మీద పడి జబ్బలు అదిమింది. నాలుక కొరుక్కుంటోందని నోట్లో వేలు పెట్టింది. కొట్టుకుని కొట్టుకుని ఆగింది. ఆగాక మళ్ళీ కదల్లేదు. అప్పటికి అల్లుడు ఇంట్లోనే లేడు.

"మరి అల్లుడు కొట్టాడని ఎందుకన్నావు?"

"చిన్నదాని పెళ్ళి కుదిరింది తల్లీ. మా ఆడపిల్లల నెత్తుట్లో పూనకం ఉందంటే ఇంకెవరు చేసుకుంటారు? ఇల్లు మాది, పొలం మాది, వంశం మాది. మచ్చ మా నెత్తురుకు పడితే మొత్తం పోయినట్టే. అల్లుడిదేముంది, బయటివాడు."

ఎల్విదాకు ఆ ముసలిదాని చెంప పగలగొట్టాలనిపించింది. కూతుర్ని పోగొట్టుకున్న చేతి వేలు నెత్తురోడుతూ కళ్ళ ముందే ఉంది కాబట్టి ఊరుకుంది. ఈ మాటే గుస్నాల్ది ముందు చెప్పమంది. నూర్బయితి తల అడ్డంగా ఊపింది.

వెనక వాకిట్లో డాక్టర్ మార్దలేనా నిలబడి ఉంది. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు రక్తపోటు ఎందుకు పెరుగుతుందో తేల్చడానికి పాడాంగ్ నుంచి వచ్చి, ఏడాదిగా ఈ చుట్టుపక్కల ఊళ్ళలో రక్తాలు తీస్తోంది. పరామర్శకు వచ్చిన మనిషి లోపలికి వెళ్ళే ధైర్యం లేక అక్కడే ఆగిపోయింది. రెస్మాలియా రక్తం తను తీసిందే. ఎండ వల్ల ఒంట్లో తయారయ్యే విటమిన్ డి అడుగంటి ఉందని, పోయిన నెల రక్తపోటు కూడా పెరిగిందని, పెద్దాస్పత్రికి తీసుకురమ్మని తల్లికి రెండుసార్లు చెప్పానని అంది. ముదిరితే మూర్ఛలు వస్తాయి, చూడని వాళ్ళకు ఎవరో కొట్టి చంపినట్టే ఉంటుంది అంది.

"ఎండ తగలకే వచ్చిందా ఇది?"

"అదొక్కటే అని చెప్పలేను. అది తక్కువైతే ముప్పు పెరుగుతుందని మా అనుమానం. పుట్టుకతో వచ్చే గుణం కూడా ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో తరం తరం కనపడుతుంది. కానీ వీళ్ళ ఇంట్లో లేదు. తల్లిని, అమ్మమ్మను, పెద్దమ్మలను అందర్నీ అడిగాను. ఒక్కరికీ రాలేదు."

"అల్లుడి తల్లిని అడిగారా?"

మార్దలేనా వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగింది.

"అడగలేదు," అంది. "ఎవర్నీ అడగలేదు. ఇన్ని వందల మందిలో ఒక్కరి మొగుడి తల్లి గురించీ అడగలేదు. వంశం అంటే తల్లి వైపే కదా మనకు. నాకు తట్టనే లేదు. బిడ్డలో సగం తండ్రిది. కడుపులో మాయ పెరిగేది ఇద్దరి గుణంతోనూ. తండ్రి వైపు నుంచి కూడా ఈ ముప్పు రావచ్చు. అందుకే ఒకే మగవాడి భార్యలు ఇద్దరూ..."

స్నానం ముగించి తెర బయటికొచ్చిన ముసలావిడ ఆ మాట విని ఆగింది. హెంద్రిజాల్ తల్లా, ఆ సంగతి ఎవరికి తెలియదు, ఆడపిల్లను కంటూ ఇలాగే కొట్టుకుని పోయింది, ఆ యుల్ఫితాను అన్నే ఎత్తుకు పెంచాడు అని చెప్పి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నూర్బయితి తన నెత్తురును కాపాడుకోవాలని అబద్ధమాడింది. ఆ మచ్చ బహుశా ఆమె నెత్తుటిది కానే కాదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఎల్విదాకు అప్పుడు గుర్తొచ్చింది. దానికీ ఏడో నెల, అదీ తలనొప్పి అంటోంది అన్నాడు హెంద్రిజాల్. ఇద్దరు భార్యల తలనొప్పీ దగ్గరుండి చూసిన మనిషి బతిమాలితే, ఆమె దాన్ని బెంగ కింద జమకట్టింది.

ముంగిట్లో పాడె లేస్తోంది. ఎల్విదా జనాన్ని తోసుకుంటూ గుస్నాల్ది దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది. వేళ్ళ గుర్తులు, పళ్ళు దిగిన వేలు, కాలి మీద గుంట. అతను నూర్బయితిని పిలిచి అడిగాడు. ఆమె వేలు కొంగులో దాచుకుని నేల చూపులు చూసింది.

"ఆవిడేమీ చెప్పలేదంటోందే," అని నవ్వాడు గుస్నాల్ది. "శవాన్ని కడిగొచ్చి నాకు కథలు చెబుతున్నావా?"

"హెంద్రిజాల్‌ను ఇప్పుడు ఆస్పత్రికి పంపమని ఫోను చెయ్యి."

"సంతకం అయ్యాక."

ఎల్విదా రెండు చేతులతో అతని కాలరు పట్టుకుని ఇంటి మెట్ల స్తంభానికేసి కొట్టింది. దూలాల మీది దుమ్ము రాలింది. గుస్నాల్ది తేరుకుని చాచి కొట్టాడు. పెదవి చిట్లి ఆమె నోరంతా ఉప్పగా అయింది. జనం పాడెను భుజాల మీద పెట్టుకుని అలాగే నిలబడిపోయారు. అప్పుడు చూసింది ఎల్విదా. పాడె ముందు కొమ్ము పట్టుకోవలసిన అన్న అక్కడ లేడు.

"అమక్, సోఫ్యాన్ ఏడీ?"

నూర్బయితి పాడె ముందు కొమ్ము వైపు చూసింది. "పొద్దున కత్తి నూరుకున్నాడు. వాడికీ ఒక చెల్లి ఉందిగా అన్నాడు."

ఎల్విదా వాకిట్లో ఉన్న ఎవరిదో మోటారు సైకిలు ఎక్కుతూనే రిజాల్దికి ఫోను చేసి, ఉద్యోగం పోయినా పరవాలేదు, వాణ్ణి ఇప్పుడే ఆస్పత్రికి ఎత్తించు అంది. సరే ఉనీ అన్నాడు. వెనక ఎవరో దగ్గుతున్న చప్పుడు వినిపించింది.

యుల్ఫితా ఇంటి ముందు మాంసం వ్యాను ఆగి ఉంది. పక్కింటి ముసలాయన అరుగు మీద కూర్చుని తెగిన ముంజేతిని లుంగీతో అదిమి పట్టుకున్నాడు. నెత్తురు మోకాళ్ళ మీదుగా కారుతోంది. అడ్డం పోతే నరికాడు, లోపలున్నాడు అని కళ్ళతోనే చూపించాడు. తలుపు నిలువునా చీలి ఒక మడత బందు మీద వేలాడుతోంది.

ఎల్విదా తుపాకీ తీసి లోపలికి దూరింది. తలుపు వెనక నుంచి మాంసం కత్తి గాలిని కోస్తూ వచ్చింది. ఆమె వంగింది, అయినా భుజం మీద చర్మం లేచిపోయి కత్తి గుమ్మం చెక్కలో దిగింది. తుపాకీ పిడితో సోఫ్యాన్ మొహం మీద మోదింది. ముక్కు ఎముక విరిగిన చప్పుడైంది. ఇంకోటి మోదింది. అంత మనిషీ తిరగబడలేదు, మొహం కూడా తుడుచుకోలేదు. నేల మీదికే చూస్తున్నాడు.

నేల మీద యుల్ఫితా కొట్టుకుంటోంది. ఒళ్ళు విల్లులా బిగిసింది, మడమలు చాపను చీలుస్తున్నాయి, నోటి పక్క నుంచి ఎర్రటి నురగ కారుతోంది.

"తలుపు పగలగొట్టాను," అన్నాడు సోఫ్యాన్. "నన్ను చూసి లేచి నిలబడింది. అంతే ఉనీ, నేను ఇంకా గది మధ్యకి కూడా రాలేదు."

"తెలుసు. నీ చెల్లి కూడా ఇలాగే పోయింది. జబ్బల మీద ఉన్నవి మీ అమ్మ వేళ్ళు. ఆవిడ వేలు ఎవరు కొరికారో వెళ్ళి అడుగు."

సోఫ్యాన్ ఆ పిల్ల మొహం చూశాడు, తన చేతులు చూసుకున్నాడు. తర్వాత గోడ పట్టుకుని కిందికి జారి, తలను గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎల్విదా అతని జుట్టు పట్టి ఆపింది. ఏడుపుకు తర్వాత బోలెడు టైముందంది. పిల్లను పక్కకు తిప్పు, అదమొద్దు, నోట్లో ఏమీ పెట్టొద్దు అని చెప్పి, మార్దలేనాకు ఫోను చేసింది. పెద్దాస్పత్రిలో మూర్ఛను ఆపే సూదిమందు సిద్ధంగా పెట్టిస్తానని, ఎంత తొందరగా వస్తే అంత మంచిదని డాక్టర్ చెప్పింది.

మూర్ఛ తగ్గింది. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్ళగలిగే బండి ఆ వీధిలో మాంసం వ్యాను ఒక్కటే. సోఫ్యాన్ యుల్ఫితాను రెండు చేతుల మీద ఎత్తుకొచ్చి వెనక పడుకోబెట్టాడు. ముసలాయన్ని ముందు సీట్లో కూలేసి తనే బండి తీశాడు. ఎల్విదా ఆ పిల్ల తల ఒళ్ళో పెట్టుకుని, పచ్చి మాంసం వాసన మధ్య కూర్చుంది. కత్తి ఆమె కాళ్ళ కింద ఉంది, తుపాకీ చేతిలో ఉంది. వ్యాను కొండ మలుపులు దిగుతుండగా ఫోను మోగింది.

రిజాల్ది ఏడుస్తున్నాడు. స్ట్రెచర్ మీదికి ఎత్తుతుండగానే పోయాడట. పక్కటెముక విరిగి ఊపిరితిత్తిలో దిగి ఉందట, నిన్నటి నుంచి లోపల నెత్తురు నిండుతూనే ఉందని అంబులెన్సువాళ్ళు అన్నారట. కుర్చీ మీద నుంచి తనే పడ్డాడని రాయమని గుస్నాల్ది ఫోనులో చెప్పాడట.

"రాయకు," అంది ఎల్విదా. "ఇప్పటిదాకా ఈ కేసులో హత్య లేదు. ఇప్పుడుంది."

ఫోను జేబులో పెట్టుకుంది. ఆస్పత్రి ఇంకా రెండు కొండల అవతల ఉంది. వ్యాను నడిపేవాడే హంతకుడు. చెప్పకుండా ఊరుకుంటే ఈ పిల్ల బతకొచ్చు. చెబితే అతను ఏ మలుపులోనైనా స్టీరింగు వదిలేయొచ్చు.

"ఎవరు పోయారు ఉనీ?" సోఫ్యాన్ అద్దంలోంచి అడిగాడు. విరిగిన ముక్కు నుంచి నెత్తురు గడ్డం మీదికి కారుతోంది.

అబద్ధం చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. పొద్దున్నుంచీ విన్న అబద్ధాలు చాలనిపించింది.

"హెంద్రిజాల్. డొక్కలో తన్నిన దెబ్బకు. గుస్నాల్ది ఆస్పత్రికి పోనివ్వలేదు, కానీ ఎముక విరిచింది నువ్వు."

ఆమె తుపాకీ గొట్టాన్ని అతని సీటు వీపుకు ఆనించింది. వ్యాను ఒక్కసారి లోయ వైపు ఒరిగి, కంకర మీద జారి, మళ్ళీ రోడ్డెక్కింది. ముసలాయన భయంతో దేవుణ్ణి తలుచుకున్నాడు. సోఫ్యాన్ రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకున్నాడు. రెస్మాలియా కడుపులో బిడ్డకు తొట్టి కొన్నది అతనే, పేరు అనుకున్నది అతనే. ఈ దేశంలో బిడ్డకు తండ్రి లేకపోయినా గడుస్తుంది, మేనమామ లేకపోతే గడవదు.

"ఆ పిల్ల కడుపులో ఉన్నదానికి మేనమామలు ఎందరు?" అన్నాడు.

యుల్ఫితా వేళ్ళు ఎల్విదా చేతిలో మళ్ళీ బిగుసుకోవడం మొదలుపెట్టాయి.

"ఒక్కడే ఉండేవాడు," అంది ఎల్విదా. "తొందరగా పోనీ."